టమాటా ఆకుముడుత తెగులు: ఒకే పేరున పలు వైరసులు

మన రాష్ట్రములో పండించు కూరగాయలలో టమాటాకు ముఖ్యమైన స్థానము కలదు. పప్పు, పులుసు, కూర, పచ్చడి, ఏది వండినను ఇంటింట టమాటా కావలసియే యున్నది. హైదరాబాదు నగరమునకు తూర్పున గల దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములలో ఒకప్పుడు పొలములు, తోటలు ఉండెడివి. క్రమముగా ఇండ్లు పెరిగినవి. 2007లో ఎల్.బి. నగర్, గడ్డిఅన్నారము పురపాలక సంఘములు హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసినవి. పొలము వెనుకకు జరిగినది, కూరగాయకు గిరాకీ మాత్రము అక్కడనే నిలిచినది. ఎల్.బి. నగర్ కూడలి నుండి సాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నము, మంచాల, యాచారము వైపునను, విజయవాడ రోడ్డున హయత్‌నగర్, చౌటుప్పల్ వైపునను గల గ్రామముల రైతులు సరూర్‌నగర్, వనస్థలిపురము రైతు బజారులకు, మాదన్నపేట మండీకి తమ కూరగాయలను చేర్చుకొనుటకు వీలు కలదు. 1999 జనవరి 26న రైతు బజారులు ప్రారంభమైనప్పటి నుండి దళారి లేకుండ స్వయముగ అమ్ముకొను సదుపాయము కూడ కలిగినది. కావున ఈ చుట్టుపట్ల గ్రామములలో అర ఎకరము టమాటా బాగుగ పండినను ఒక కుటుంబమునకు చేతిలో రొక్కము ఆడును.

కాని ఈ పంట వేయు రైతులు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "ముడుతను తట్టుకొనునని చెప్పిరి గదా అని హెచ్చు ధర పెట్టి విత్తనము కొంటిని. నిరుడు పంట బాగుగనే వచ్చినది. ఈ యేడు అదే విత్తనము, అదే చేను, అదే ఎరువు. అయినను మొక్కలు గిడసబారి ముడుచుకొనిపోయినవి. విత్తనము కల్తీయా? మందు కల్తీయా?" అని.

విత్తనము కల్తీ కావచ్చును, మందు నాసిరకమై యుండవచ్చును. అయితే రెండును సరిగా ఉన్నప్పటికిని పంట పోవుటకు మూడవ కారణము కలదు. మనము ముడుత అని ఒకే పేరుతో పిలుచు తెగులునకు మూలమైన వైరసులు పెక్కు. ఒకదానిని తట్టుకొను విత్తనము మరియొకదానికి లొంగిపోవచ్చును. ఈ సంగతి గ్రహించిన రైతు భారమంతయు విత్తనము మీద వేసి ఊరకుండడు. ఆ వైరసులు ఎట్టివి, అవి ఎట్లు మారుచున్నవి, వాని నుండి పంటను ఎట్లు కాపాడుకొనవలెను అను విషయములను ఇచ్చట వివరించుచున్నాము.

వైరసు అనగా నేమి?

వైరసు కంటికి కనబడదు. సాధారణ సూక్ష్మదర్శినిలో కూడ కనబడదు, ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని కావలెను. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో అందు సుమారు 30 భాగములు మాత్రమే ముడుత వైరసు కణము పొడవు. దానికి నోరు లేదు, వేరు లేదు, స్వంతముగ పెరుగు శక్తియు లేదు. మాంసకృత్తుల తొడుగులో చుట్టబడిన చిన్న వ్రాతయే వైరసు. మొక్క కణములో ప్రవేశించిన పిమ్మట ఆ వ్రాత మొక్క చేతనే తన నకళ్ళను వేలకొలదిగ వ్రాయించుకొనును. మొక్క పెరుగుదలకు, పూతకు, కాయకు వినియోగపడవలసిన శక్తి ఈ పనికి వ్యయమగును. ఇట్లు మొక్క కణములలోనే కలిసియుండుట వలన బూజు తెగుళ్ళకు మందు చల్లినట్లు దీనికి మందు చల్లి నయము చేయుటకు వీలు లేదు. మనము చల్లు మందులు వైరసును మోయు పురుగును చంపునే గాని వైరసును చంపవు. ఒకసారి వైరసు సోకిన మొక్క మరల బాగుపడదు.

వైరసు వ్రాతలో నాలుగు అక్షరములే కలవు. ఆ నాలుగే ముందు వెనుకలుగ వచ్చి, ఆకుముడుత వైరసులో సుమారు 2,700 అక్షరముల పొడవుగల వ్రాత ఏర్పడును. పూర్వము పహాణీలను చేతితో నకలు వ్రాయునప్పుడు ఎక్కడనో ఒక అంకె తప్పిపోవుట గ్రామాధికారులకు తెలిసిన విషయమే. ఆ తప్పు నకలును చూచి మరల నకలు తీసినచో ఆ తప్పు కూడ వెంటవచ్చును. వైరసు విషయములోను ఇట్లే జరుగును. నకలులో వచ్చు తప్పులలో చాల భాగము వైరసునకే చేటు తెచ్చును, అట్టి నకళ్ళు నశించును. ఏ తప్పు వలన మొక్క రక్షణను తప్పించుకొను శక్తి కలుగునో ఆ నకలు మాత్రము బ్రతికి చేనంతయు నిండును. ఇట్లు ఒకే జాతి వైరసులో కలుగు తేడాలను, ఒక వైరసునకు మరియొక వైరసునకు గల తేడాలను కలిపి జన్యు వైవిధ్యము అందురు.

తెగుళ్ళను వేరుచేసి గుర్తించుట

టమాటాలో మొక్క గిడసబారినచో అన్నిటిని ముడుత అనుట వాడుక. కాని చేనిలో కొంచెము నిదానించి చూచినచో ముఖ్యమైన తెగుళ్ళను వేరుచేయవచ్చును.

ఆకుముడుత తెగులు: లేత ఆకులు చిన్నవై, అంచులు పైకి గాని క్రిందికి గాని ముడుచుకొని, ఈనెల మధ్య పసుపు రంగుకు తిరుగును. కణుపుల మధ్య దూరము తగ్గి మొక్క గుబురుగా కనబడును. పూత రాలిపోవును, కాయలు అరుదుగా నిలుచును. ఈ తెగులును తెల్లదోమ వ్యాపింపజేయును.

మొవ్వుకుళ్ళు తెగులు: లేత ఆకులపై గోధుమ లేక నల్లని రంగు మచ్చలు, వలయములు ఏర్పడి ఆకు కంచు రంగుకు తిరుగును. కాడపై నల్లని చారలు పడి మొవ్వు ఎండిపోవును. లేత మొక్కలైనచో కొద్ది దినములలోనే చనిపోవును. కాయపై ఒకదానిలో ఒకటిగ పసుపు వలయములు కనబడును. దీనిని తామర పురుగులు వ్యాపింపజేయును.

మొజాయిక్ తెగుళ్ళు: ఆకుపై లేత పచ్చ, ముదురు పచ్చ రంగులు కలగలుపుగ పడును. ఆకు సన్నబడి త్రాడువలె సాగినచో దోస మొజాయిక్ వైరసును అనుమానింపవలెను. దీనిని పేనుబంక కొద్ది క్షణములలోనే ఒక మొక్కనుండి మరియొక మొక్కకు చేర్చగలదు. టమాటా మొజాయిక్ వైరసు విత్తనము ద్వారాను, పని చేయువారి చేతులు, కత్తులు, బట్టల ద్వారాను వ్యాపించును. దీనికి పురుగుతో పని లేదు.

పురుగు వేరైనచో నివారణ కూడ వేరగును. తామర పురుగు వలన వచ్చిన తెగులునకు తెల్లదోమ మందును, చేతుల వలన వచ్చిన తెగులునకు పురుగుల మందును చల్లిన రైతునకు ఖర్చు మిగులునే గాని ఫలితము ఉండదు.

ఆకుముడుత వైరసులలోని వైవిధ్యము

మన దేశములో టమాటా ఆకుముడుతను గురించి 1948లో వాసుదేవ, సాంరాజ్ అను శాస్త్రజ్ఞులు వివరముగ ప్రచురించిరి. ఆనాడు దీనిని ఒకే వైరసు వలన కలుగు తెగులుగ భావించిరి. వైరసు వ్రాతను అక్షరము అక్షరముగ చదువు పద్ధతులు వచ్చిన పిదప అసలు సంగతి బయటపడినది. 1995లో న్యూఢిల్లీ నమూనాల వైరసు వ్రాత ప్రచురింపబడినది. ఆ వైరసు వ్రాత రెండు ముక్కలుగ ఉన్నది, ఒక్కొక్క ముక్క సుమారు 2,700 అక్షరములు. దానికి టమాటా లీఫ్ కర్ల్ న్యూఢిల్లీ వైరసు అని పేరు. బెంగుళూరు ప్రాంతములో తీసిన వైరసునకు ఒకే ముక్క కలదు. అది టమాటా లీఫ్ కర్ల్ బెంగుళూరు వైరసు. ఈ విధముగనే కర్ణాటక, గుజరాత్, కేరళ, పాలంపూర్ మొదలగు పేర్లతో మరికొన్ని జాతులు గుర్తింపబడినవి. ఉత్తర భారతములో రెండు ముక్కల వైరసులు, దక్షిణమున ఒక ముక్క వైరసులు హెచ్చుగ నుండునని మొదట తేలినది. ఇప్పుడు న్యూఢిల్లీ వైరసు దక్షిణ రాష్ట్రములలోను అగపడుచున్నది. ఈ రెండు ప్రాంతముల నడుమ దక్కను పీఠభూమిపై సాగు చేయు మన రైతు రెండు తెగల వైరసులను గూర్చియు జాగ్రత్త పడవలసియున్నది.

ఒక వైరసును కొత్త జాతి అని ఎట్లు నిర్ణయింతురు? ఈ కుటుంబపు వైరసులకు శాస్త్రజ్ఞులు ఒక కొలత పెట్టుకొనిరి. రెండు వైరసుల మొదటి ముక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చదివినప్పుడు నూటికి 91 లేక అంతకు మించిన అక్షరములు సరిపోయినచో అవి ఒకే జాతి. అంతకు తగ్గినచో వేరు జాతి. 2,700 అక్షరములలో నూటికి 9 వంతులనగా 243 అక్షరములు. అన్ని అక్షరములు మారిన రెండు వైరసులు టమాటా ఆకుపై ఒకే విధమైన ముడుతను చూపవచ్చును. కంటితో చూచి ఇది ఏ జాతి ముడుత వైరసు అని చెప్పుట ఎంతటి అనుభవము గల రైతుకైనను, అధికారికైనను సాధ్యము కాదు.

వైవిధ్యము కలుగుటకు నకలు తప్పులు ఒక కారణము. అంతకంటె వేగముగ మార్పు తెచ్చునది కలయిక. ఒకే మొక్కలో రెండు వైరసులు చేరినప్పుడు నకలు సగము ఒకదాని నుండి, మిగత సగము ఇంకొకదాని నుండి తీయబడవచ్చును. అప్పుడు రెండింటి లక్షణములు గల మూడవ వైరసు పుట్టును. రెండు ముక్కల వైరసులలో ముక్కలే తారుమారు కావచ్చును. గుజరాత్ వైరసు మొదటి ముక్క న్యూఢిల్లీ వైరసు రెండవ ముక్కతో కలిసి పనిచేయగలదని ప్రయోగములలో తేలినది. ఇవిగాక సుమారు 1,350 అక్షరముల చిన్న తోడు వ్రాతలు కొన్ని కలవు. అవి స్వంతముగ బ్రతుకలేవు గాని ముడుత వైరసుతో చేరి తెగులును తీవ్రము చేయును.

ఒకే జాతిలో కూడ తెగలు గలవు. న్యూఢిల్లీ వైరసు 2012లో స్పెయిన్ దేశమున కనబడినది. అక్కడి తెగ దోస, గుమ్మడి జాతి తీగ పంటలను తీవ్రముగ పాడుచేయును, టమాటాపై దాని ప్రభావము స్వల్పము. మన దేశములోని తెగలు టమాటాతోపాటు బీర, దోస, మిరప, ఆలుగడ్డ మొదలగు పంటలను కూడ ఆశించును. పేరు ఒక్కటియే అయినను గుణము వేరు. కాబట్టి టమాటా చేని ప్రక్కన ముదిరిన బీర పాదు ఉండుట ప్రమాదము. ఆ పాదులో ఒక వైరసు, టమాటాలో ఇంకొకటి ఉండి, మధ్య తెల్లదోమ తిరుగుచున్నచో కొత్త కలయికలకు మనమే చోటు ఇచ్చినట్లగును.

మోయు పురుగులోను తేడాలు

తెల్లదోమ సుమారు ఒక మిల్లీమీటరు పొడవు గల చిన్న పురుగు. ఆకు అడుగున చేరి రసమును పీల్చును. తెగులు మొక్క రసమును కొద్ది నిమిషములు పీల్చినను వైరసు దాని శరీరములో ప్రవేశించి, చాల దినములపాటు ఇతర మొక్కలకు సోకుచుండును. చూచుటకు ఒకే తీరుగ కనబడు ఈ తెల్లదోమలో 30కి పైగా వేర్వేరు తెగలు ప్రపంచములో గలవని తేలినది. మన దేశములో పూర్వము నుండి ఉన్న తెగలకు తోడు ఒక విదేశీ తెగ 1999లో కర్ణాటకలోని కోలారు ప్రాంతమున టమాటా పైన గుర్తింపబడినది. అది టమాటాపై త్వరగా వృద్ధి చెందునది. అప్పుడు ఆ ప్రాంతములో ఆకుముడుత తీవ్రముగ వ్యాపించినది. కోలారు, మదనపల్లె ప్రాంతముల నుండి మన నగరమునకు టమాటా వచ్చుచుండుట అందరికి తెలిసినదే. పండిన కాయ వలన ఆకుముడుత వచ్చునను భయము అక్కరలేదు. ఒక ప్రాంతము నుండి మరియొక ప్రాంతమునకు నారు తెచ్చుట, పచ్చి ఆకులతో కూడిన మొక్కలను తరలించుట మాత్రము ప్రమాదకరము.

పేరు తప్పినచో కలుగు చిక్కు: పటాన్‌చెరు అనుభవము

వైరసు జాతి పేరు తెలిసినందువలన రైతునకు ఒరుగునదేమి అని కొందరికి సందేహము కలుగవచ్చును. మన హైదరాబాదుకు పడమటి కొసన జరిగిన పరిశోధన ఇందుకు సమాధానము చెప్పును. పటాన్‌చెరులో 1972లో స్థాపింపబడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో వేరుశనగ మొవ్వుకుళ్ళు తెగులును పరిశీలించిరి. 1979లో ప్రచురించిన ఫలితములలో దీనికి కారణము టమాటా స్పాటెడ్ విల్ట్ వైరసు అని తలచిరి. ఆ వైరసు ఇతర దేశములలో ఎప్పటినుండియో తెలిసినదే. పరిశోధన ఇంకను సాగించి, డాక్టర్ డి.వి.ఆర్. రెడ్డి గారును వారి సహచరులును 1992లో ఇది ప్రత్యేకమైన వేరు వైరసు అని నిరూపించిరి. దీని వ్రాత మూడు ముక్కలుగ ఉండును. 1996 నుండి 1998 వరకు ఆ మూడు ముక్కలను పూర్తిగా చదివిరి. చిన్న ముక్క 3,057, నడిమి ముక్క 4,801, పెద్ద ముక్క 8,911 అక్షరములు. వేరుశనగ, పెసర, మినుము పంటలను ఆశించు ఈ వైరసే మన టమాటా మొవ్వును కూడ ఎండించుచున్నది.

విదేశములలో టమాటా స్పాటెడ్ విల్ట్ వైరసును తట్టుకొనుటకు ఎస్.డబ్ల్యు.-5 అను జన్యువు గల రకములను వాడుచున్నారు. మన మొవ్వుకుళ్ళు వైరసు అదియే అయినచో ఆ రకములను తెచ్చి నాటిన సరిపోయెడిది. ఆ జన్యువు అమెరికా తెగల వైరసులను గుర్తించును గాని మన ప్రాంతపు వైరసు వేరు శాఖకు చెందినది, దానిపై ఆ రక్షణను నమ్ముకొనుటకు వీలు లేదు. వైరసును సరిగా గుర్తించుట వలన పనికిరాని విత్తనము మీద డబ్బు పోయకుండ కాపాడినట్లయినది. ఇంతే గాక, 2007లో క్యాప్సికమ్ క్లోరోసిస్ అను దగ్గరి బంధువు వైరసు కూడ మన దేశపు టమాటాలో కనబడినట్లు ప్రకటింపబడినది. కాబట్టి మొవ్వు ఎండిన ప్రతి మొక్కలో ఒకే వైరసు ఉన్నదని తలచుట కూడ పొరపాటు కావచ్చును.

తట్టుకొను రకములు ఎందుకు లొంగును?

సాగులో గల టమాటాలో ఆకుముడుతను తట్టుకొను శక్తి చాల తక్కువ. అడవి టమాటా జాతులలో ఆ శక్తి గల జన్యువులు గలవు. మన దేశములో కల్లూ, బెనర్జీ అను శాస్త్రజ్ఞులు ఒక అడవి జాతి నుండి ఆ శక్తిని సాగు టమాటాలోనికి తెచ్చి, 1990లో ఆ పనిని ప్రచురించిరి. ఆ కృషి ఫలితమైన హెచ్-24 అను వంగడములోని జన్యువునకు తరువాత టై-2 అని పేరు పెట్టిరి. ఈ వంగడము తైవానులోను, దక్షిణ భారతములోను ఒక ముక్క వైరసులను తట్టుకొనినది గాని ఉత్తర భారతములోని రెండు ముక్కల వైరసు ఎదుట నిలువలేదు. వేరొక అడవి జాతి నుండి వచ్చిన టై-1, టై-3 జన్యువులు వేరు విధముగ పనిచేయును.

ఒక తాళము చెవి ఒక తాళమునకే సరిపోవునట్లు టై-2 వంటి జన్యువు వైరసులోని ఒక గుర్తును పట్టుకొని మొక్కను మేల్కొలుపును. వైరసులో ఆ గుర్తు మారినచో మొక్క దానిని పోల్చుకొనలేదు. ఊరంతయు ఒకే జన్యువు గల విత్తనము వరుసగ వేసినచో ఆ జన్యువునకు లొంగు వైరసులు తగ్గిపోయి, లొంగని తెగ ఒక్కటియే మిగిలి వృద్ధి పొందును. నిరుడు పనిచేసిన విత్తనము ఈ యేడు పనిచేయకపోవుటకు ఇది ఒక ముఖ్య కారణము. మొజాయిక్ విషయములోను ఇట్లే జరిగినది. దశాబ్దములపాటు టమాటా మొజాయిక్ వైరసు నుండి పంటను కాపాడిన జన్యువును, ఇజ్రాయెల్‌లో 2014లోను జోర్డానులో 2015లోను కనబడిన బ్రౌన్ రుగోస్ వైరసు దాటివేసినది.

అందుచేత తట్టుకొను రకములను మానివేయవలెనని అర్థము కాదు. అవి తప్పక వాడదగినవే. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ సంకరము ఆకుముడుతను, బాక్టీరియా వడలు తెగులును, ఆకుమాడు తెగులును తట్టుకొనుటకు తయారైనది. ఒకటికి మించి టై జన్యువులను చేర్చిన సంకరములు పెక్కు తెగల వైరసులను ఎదుర్కొనగలవు. విత్తనము కొనునపుడు ఏ తెగులును తట్టుకొనును, ఏ ప్రాంతములో పరీక్షింపబడినది అని అడిగి తెలిసికొనవలెను. తట్టుకొనును అనగా తెగులు అసలు రాదని కాదు. వచ్చినను కొంత పంట ఇచ్చునని మాత్రమే అర్థము. ఆ బలమునకు రైతు జాగ్రత్త తోడు కావలెను.

నివారణ: మొదటి 50 దినములే ముఖ్యము

వైరసు ఏ జాతి అయినను, అది మొక్కకు ఎంత ఆలస్యముగ సోకిన నష్టము అంత తక్కువ. 1973లో శాస్త్రి, సింగ్ అను శాస్త్రజ్ఞులు ప్రచురించిన ప్రయోగములో, నాటిన 20 దినములలోపల ఆకుముడుత సోకిన మొక్కలలో పదింట తొమ్మిది వంతులకు పైగా దిగుబడి పోయినది. 50 దినములకు సోకిన మొక్కలలో నష్టము మూడవ వంతు లోపున ఉన్నది. పంట నిలుచుట పోవుట ఈ నడుమ దినములపైననే ఆధారపడి యున్నది. ఈ క్రింది పద్ధతులు వైరసు జాతితో నిమిత్తము లేకుండ పనిచేయును.

నారుమడి: చేనులో పడు మొదటి వైరసు చాలవరకు నారుతోనే వచ్చును. రెండడుగులకు ఒక వరుస, వరుసలో అడుగున్నరకు ఒక మొక్క చొప్పున నాటినచో ఎకరమునకు సుమారు 15,000 మొక్కలు పట్టును. నారులో నూటికి రెండు మొక్కలకు మాత్రమే తెగులు ఉన్నదనుకొనినను, చేనులో 300 చోట్ల నిప్పు పెట్టినట్లే. కావున నారుమడిపై 40 లేక 50 మెష్ నైలాను వల కప్పి, అంచులను మట్టితో మూసివేయవలెను. పని ఉన్నప్పుడు మాత్రమే వల తీయవలెను. నారుమడిని పాత టమాటా, వంగ, మిరప, బీర తోటలకు దూరముగ పోయవలెను. నారు కొనునట్టి రైతులు, ఆ నారు వలలో పెంచినదో లేదో స్వయముగ చూచి, నాలుగైదు మొక్కల ఆకు అడుగులు తిప్పి చూచి కొనవలెను.

విత్తనము: మొజాయిక్ భయము గలచోట శుద్ధి చేయని విత్తనమును నూటికి పది పాళ్ళ ట్రైసోడియం ఫాస్ఫేటు ద్రావణములో 20 నిమిషములు ఉంచి, మంచి నీటిలో పలుమార్లు కడిగి ఆరబెట్టవలెను. కంపెనీ వారు మందు పట్టించిన విత్తనమును కడుగరాదు. మొజాయిక్ మొక్కలను ముట్టిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనక ఇతర మొక్కలను తాకరాదు.

నాటుటకు ముందు: చేని చుట్టును జొన్న గాని మొక్కజొన్న గాని మూడు నాలుగు వరుసలు దగ్గరగ విత్తి, టమాటా నాటు నాటికి కొంత ఎదిగియుండునట్లు చూడవలెను. బయటి నుండి ఎగిరివచ్చు తెల్లదోమ, తామర పురుగులు చాలవరకు ఈ కంచె వద్ద ఆగిపోవును. గట్లమీది వయ్యారిభామ మొదలగు కలుపును పూతకు రాకముందే తీసివేయవలెను. వెండి రంగు ప్లాస్టిక్ పట్టా పరచగలవారు పరచినచో, దాని మెరుపునకు పురుగులు లేతమొక్కలపై వాలుట తగ్గును.

నాటిన తరువాత: దినము విడిచి దినము ప్రొద్దుటనే చేను చూడవలెను. మొదటి నెలలో ముడుత కనబడిన మొక్కను సంచితో కప్పి, వేరుతో సహా పీకి, చేనుకు దూరముగ పూడ్చవలెను. కప్పక పీకినచో దానిపైనున్న తెల్లదోమ లేచి ప్రక్క మొక్కలపై వాలును. ప్రొద్దుటి చల్లని వేళ పురుగు మందముగ ఉండును గనుక ఆ సమయమే మేలు. తెల్లదోమకు పసుపు రంగు, తామర పురుగునకు నీలము రంగు జిగురు అట్టలను మొక్కల తలల ఎత్తున కట్టి, పురుగు రాకను గమనింపవలెను. పురుగు తక్కువగ నున్నప్పుడు లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనెను కొద్దిగ సబ్బుతో కలిపి ఆకు అడుగు తడియునట్లు చల్లవచ్చును. పురుగు హెచ్చినప్పుడు వ్యవసాయ విస్తరణాధికారి సలహాపై మందు వాడవలెను. ఒకే మందును మరల మరల చల్లినచో పురుగు దానికి అలవాటు పడును.

మొవ్వుకుళ్ళు తెగులులో ఒక విశేషము కలదు. తామర పురుగు పిల్ల దశలో తెగులు మొక్కను తినినప్పుడే వైరసును పట్టుకొనును. రెక్కలు వచ్చిన తరువాత దానిని ఇతర మొక్కలకు చేర్చును. కావున వేరుశనగ, పెసర, మినుము చేల నుండి ఎగిరివచ్చు పురుగే ముఖ్య శత్రువు. అట్టి చేల ప్రక్కన టమాటా నాటునప్పుడు జొన్న కంచె తప్పక ఉండవలెను, చచ్చిన మొక్కల చోటు ఖాళీగ వదలక వెంటనే నాట్లు పూరింపవలెను.

పంట అయిన తరువాత: చివరి కోత కోసి, ధర లేదని చేనును అట్లే వదలివేయుట చాల హాని. ఆ మొక్కలలో వైరసులన్నియు కూడి, కలిసి, కొత్త తెగలకు నిలయమగును. కోత ముగిసిన వారములోనే పీకి కంపోస్టు గోతిలో వేసి మట్టి కప్పవలెను. వేసవిలో తెల్లదోమ హెచ్చుగ ఉండును కాబట్టి ఏడాది పొడవున టమాటా మీద టమాటా వేయక, నడుమ ఆకుకూరలు గాని జొన్న, మొక్కజొన్న వంటి పంటలు గాని వేసి చేనుకు విరామము ఇయ్యవలెను.

పట్టణములోని మిద్దె తోటలు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ కాలనీలలో మేడలపై కుండీలలో టమాటా పెంచువారు పలువురు కలరు. నాలుగు మొక్కలే గదా అని ముడుత పట్టినవానిని నెలలకొలది ఉంచుట తగదు. తెల్లదోమకు అది పట్టణము, ఇది పల్లె అను భేదము లేదు. తెగులు మొక్కను సంచిలో మూసి తీసివేయుట, కొను నారును ఆకు అడుగు చూచి కొనుట వీరికి కూడ విధియే.

గ్రామాధికారులు చేయదగినవి

వైరసు సరిహద్దురాళ్ళను ఎరుగదు. ఒకరు పీకి ప్రక్కవారు వదలినచో ఫలితము స్వల్పము. రైతు వేదికలో టమాటా రైతులను సమావేశపరచి, పాత తోటలు తీసివేయుటకు ఒక గడువు నిర్ణయించుకొనుట మేలు. ఊరిలో ఎవరు ఏ రకము వేసిరి, ఎన్నవ దినమున తెగులు కనబడినది, నూటికి ఎన్ని మొక్కలు పోయినవి అను లెక్క ఒక పుస్తకములో వ్రాసి ఉంచవలెను. తట్టుకొను రకములు ఒక్కటిగ లొంగిపోయినప్పుడు, కొన్ని లేత ఆకులను వార్తాపత్రిక కాగితముల మధ్య ఆరబెట్టి, ఊరు, తేది, రకము పేరు వ్రాసి, వ్యవసాయాధికారి ద్వారా రాజేంద్రనగర్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞుల దృష్టికి తేవలెను. ఏ ప్రాంతములో ఏ వైరసు ఉన్నదో తెలిసిననే గాని శాస్త్రజ్ఞులు ఆ ప్రాంతమునకు తగిన విత్తనమును తయారుచేయలేరు. విత్తనపు సంచి పైచీటిని, రసీదును దాచిపెట్టిన రైతునకు, అది కల్తీ విత్తనమో కొత్త వైరసో తేల్చుటకు ఆధారము చేతిలో నుండును.

ముఖ్య విషయములు

1. ముడుత ఒక లక్షణము. దానికి కారణమైన వైరసులు పలు జాతులు, పలు తెగలు.

2. తట్టుకొను రకమును వాడుడు. కాని ఊరంతయు ఏటేట ఒకే రకము వేయకుడు.

3. నారును వల క్రింద పెంచుడు. తెగులు నారును ఎంత చవుకగ వచ్చినను కొనకుడు.

4. నాటిన 50 దినముల వరకు చేనును కనిపెట్టి, తెగులు మొక్కను కప్పి పీకుడు.

5. ముడుతను, మొవ్వుకుళ్ళును, మొజాయిక్‌ను వేరుగ గుర్తించి, దానికి తగిన నివారణ చేయుడు.

6. కోత ముగిసిన వెంటనే పాత తోటను తీసివేయుడు. ఈ పనిని ఊరంతయు కలిసి ఒకే వారములో చేసిన, తరువాతి పంట రక్షణ అప్పుడే ప్రారంభమైనట్లు.